సీసా లక్షల్లో... రైతుకు చిల్లరే! ఇదీ బోర్డో కథ

వైన్ అనగానే ప్రపంచమంతా ముందు తలుచుకునే పేరు బోర్డో. అక్కడి ఒక్క సీసా వేలంలో లక్షల రూపాయలు పలుకుతుంది. అదే బోర్డోలో ఇప్పుడు రైతులు ప్రభుత్వం ఇచ్చే డబ్బులు తీసుకుని మరీ ద్రాక్షతీగల్ని వేళ్లతో సహా పీకేస్తున్నారు. ఒకే పేరు కింద ఇంత తేడా ఎలా వచ్చింది?

మనకీ తెలిసిన పేరే!

నిమ్మ, బత్తాయి, తమలపాకు తోటలున్న ఇళ్లలో పుట్టినవాళ్లకి ‘బోర్డో’ అన్న మాట కొత్తేం కాదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు... విడివిడిగా కరిగించి కలిపితే నీలంగా తయారయ్యే బోర్డో మిశ్రమాన్ని తెగుళ్లకు కొడుతుంటారు. కలిపాక అందులో కొడవలి ముంచి చూడటం కూడా కొందరు చూసే ఉంటారు. ఇనుము మీద ఎర్రగా రాగిపూత పడితే సున్నం ఇంకాస్త వేయాలన్నమాట. ఆ బోర్డో, ఈ బోర్డో రెండూ ఒకటే.

దాని వెనక ఓ సరదా కథ ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే చిన్న పురుగు ఫ్రాన్స్‌లో ద్రాక్ష వేళ్లను పీల్చేసి తోటలకు తోటల్నే ఎండబెట్టేసింది. ఆ పురుగుని తట్టుకునే అమెరికా మొక్కల్ని తెప్పించి, వాటి మొదళ్ల మీద తమ తీగల్ని అంటుకట్టి ఫ్రెంచి రైతులు గట్టెక్కారు. కానీ ఆ మొక్కలతోపాటే ఇంకో శత్రువూ ఓడెక్కి వచ్చేసింది. అదే బూజు తెగులు. 1878లో ఫ్రాన్స్‌లో కనిపించిన ఆ తెగులు ఆకుల్ని రాల్చేసి పంటని తినేయడం మొదలుపెట్టింది.

1882 అక్టోబరులో బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే పియెర్ మిలార్డే, సెయింట్ జూలియన్ అనే ఊళ్లో తోటల పక్కన నడుస్తున్నారు. లోపలి తీగలన్నీ ఆకులు రాల్చేస్తే, రోడ్డు వెంబడి ఉన్న వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఏంటా అని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. దారినపోయేవాళ్లు పళ్లు కోసుకుపోకుండా, చూడగానే విషం అనుకునేలా మైలుతుత్తం, సున్నం కలిపి ఆ వరసల మీద చల్లారట! దొంగల కోసం చల్లింది తెగులుని ఆపేసింది. మిలార్డే రసాయన శాస్త్రవేత్త యులీస్ గేయోన్‌తో కలిసి దాని మీద ప్రయోగాలు చేసి, 1885లో ఆ మందు సంగతి లోకానికి చెప్పారు. అలా ఓ వైన్ ఊరి పేరు ఊరూరి పొలాల్లోకీ చేరింది.

రెండు నదులు... రెండు గట్లు

మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డున్న షాపులో బీరు, విస్కీ, బ్రాందీ అన్నీ దొరుకుతాయి, వైనే వెతుక్కోవాలి! బోర్డోలో మాత్రం ఊరి బతుకంతా దాని చుట్టూనే. ఫ్రాన్స్‌కు నైరుతి మూలన, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో ఉంటుంది ఈ ప్రాంతం. గారోన్, డోర్డోన్ నదులు రెండూ ఇక్కడ కలిసి జిరోండ్ అనే పేద్ద ముఖద్వారంగా మారి సముద్రంలోకి వెళ్తాయి.

ఎడమ గట్టున మెడాక్, గ్రావ్ ప్రాంతాలు. ఇక్కడ నేలంతా గులకరాళ్లు. వాననీళ్లు ఇట్టే దిగిపోతాయి, పగలు పట్టిన వేడిని రాళ్లు రాత్రికి తీగలకిస్తాయి. ఆలస్యంగా పండే కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షకి ఇది బాగా నప్పుతుంది. కుడి గట్టున సెయింట్ ఎమిలియన్, పొమెరోల్. అక్కడ బంకమట్టి, సున్నపురాయి. తొందరగా పండే మెర్లో రకానికి అదే రాజ్యం. ఈ రెండు నదుల మధ్య ప్రాంతం పేరు ‘ఆంత్రె ద మేర్’, అంటే రెండు సముద్రాల నడుమ అని. సముద్రపు పోట్లు నదుల్లోకి లోపలిదాకా వస్తాయి కాబట్టి ఆ పేరు.

మనలా పందిళ్ల మీద కాదు, నడుమెత్తు తీగల వరసల్లో పెంచుతారు ఇక్కడి ద్రాక్షని. గుత్తులు చిన్నవి, గింజలెక్కువ, తొక్క మందం. తినడానికి అంత బాగోవు కానీ ఆ తొక్కలోనే రంగు, వగరు అన్నీ ఉంటాయి. నేడు ప్రపంచంలో ఎక్కడ రెడ్ వైన్ చేసినా కాబెర్నే, మెర్లో పేర్లే వినిపిస్తాయంటే అవి ఇక్కడివే. కాబెర్నే సావిన్యోన్‌కి అమ్మానాన్నలెవరో తెలుసా? ఎర్రవైన్ రకం కాబెర్నే ఫ్రాంక్, తెల్లవైన్ రకం సావిన్యోన్ బ్లాంక్. 1997లో కాలిఫోర్నియా పరిశోధకులు డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలింది. ఇంకో రకం కార్మెనేర్ కథైతే సినిమానే. ఫిలోక్సెరా తర్వాత బోర్డోలో దాదాపు కనిపించకుండా పోయిన ఆ ద్రాక్ష, 1994లో చిలీ దేశంలో దొరికింది. అక్కడి రైతులు దాన్ని ఎన్నో ఏళ్లుగా మెర్లో అనుకునే పెంచుతున్నారు!

షాటో అంటే కోటేనా?

సీసా మీద ‘షాటో’ అని ఉంటే పెద్ద రాజకోట ఊహించుకుంటాం. నిజంగా కోటల్లాంటి భవనాలున్న షాటోలూ ఉన్నాయి. కానీ బోర్డోలో అలా పేరు పెట్టుకున్నవి వేలల్లో ఉన్నాయి. చాలా చోట్ల షాటో అంటే ఓ పెంకుటిల్లు, పక్కన షెడ్డు, వెనక తోట... అంతే. సొంత తోటలో పండిన ద్రాక్షతో చేసిన వైన్ అన్నదే ఆ మాటకు అసలు అర్థం.

కోసిన పళ్లని తొడిమెలు తీసేసి, నలగ్గొట్టి, తొక్కలూ గింజలతో సహా తొట్లలో పులియబెడతారు. చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంటే తొక్కల రంగూ వగరూ రసంలోకి దిగుతాయి. మంచి వైన్లని ఆ తర్వాత ఓక్ చెక్క పీపాల్లో ఏడాది, ఏడాదిన్నర ఉంచుతారు. బోర్డో పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే 300 సీసాలు. వైన్ తేటగా అవ్వడానికి పీపాలో కోడిగుడ్డు తెల్లసొన కలిపే పద్ధతీ ఉంది. మరి మిగిలిన పచ్చసొన? దాంతోనే బోర్డోలో ఫేమస్ అయిన ‘కానెలే’ అనే చిన్న కేకు పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

బూజు పట్టిన ద్రాక్షకే రేటెక్కువ

బూజు పడితే పంట పోయినట్టే కదా. కానీ బోర్డోకి దక్షిణాన ఉన్న సోటెర్న్ ఊళ్లలో రైతులు బూజు కోసం ఎదురుచూస్తారు. ఇది ఆకుల్ని తినే బూజు తెగులు కాదు, బోట్రైటిస్ అనే వేరే రకం. సిరోన్ అనే చిన్న ఏటి చల్లటి నీళ్లు గారోన్‌లో కలిసేచోట, శరదృతువు ఉదయాల్లో పొగమంచు పడుతుంది. ఆ తేమకి ద్రాక్ష మీద బూజు పడుతుంది. మధ్యాహ్నం ఎండ రాగానే పండులో నీరు ఆవిరై, తీపి చిక్కబడుతుంది. ఎండ రాకపోతే? పండు కుళ్లిపోతుంది, ఆ ఏటి పంట అంతే!

బూజు అన్ని పళ్లకీ ఒకేసారి పట్టదు. అందుకే కూలీలు ఒకే తోటలోకి పదే పదే వెళ్లి, తయారైన పళ్లనే ఏరి కోస్తారు. ఇక్కడి షాటో డికెమ్‌లో ఒక తీగకి వచ్చేది ఒక గ్లాసు వైనే అంటారు. పంట నచ్చకపోతే ఆ ఏడాది ఆ పేరుతో వైనే చేయరు. 2012లో అలాగే మానేశారు. వాళ్ల 1811 నాటి సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది.

170 ఏళ్ల నాటి ర్యాంకులు

ఇంత పేరు ఎలా వచ్చింది? మొదటి కారణం ఓ పెళ్లి. ఈ ప్రాంతానికి వారసురాలైన ఎలినార్ 1152లో హెన్రీని పెళ్లాడింది. రెండేళ్లకి ఆయన ఇంగ్లండ్ రాజయ్యాడు. దాంతో 1453 దాకా, మూడొందల ఏళ్లు బోర్డో ఇంగ్లిష్ రాజుల చేతిలో ఉంది. ఓడలకొద్దీ వైన్ లండన్‌కి వెళ్లింది. బ్రిటిషర్లు బోర్డో రెడ్‌ని ఇప్పటికీ ‘క్లారెట్’ అనే ముద్దుపేరుతో పిలుస్తారు.

రెండోది ఓ జాబితా. 1855లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టినప్పుడు, బోర్డోలోని మంచి వైన్ల లిస్టు కావాలని అడిగారు. ఆ పని బోర్డో దళారుల చేతికొచ్చింది. వాళ్లు కొత్తగా రుచిచూసి మార్కులేమీ వేయలేదు. ఏ షాటో సరుకు ఏళ్లుగా ఎంతకి అమ్ముడవుతోందో చూసి, ఆ ధరల వరసలోనే ఐదు మెట్లుగా రాసేశారు. మొదటి మెట్టు మీద లఫీట్, లతూర్, మార్గో, ఓ బ్రియాన్ నిలిచాయి. విచిత్రమేంటంటే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1787లో బోర్డో వచ్చినప్పుడు గొప్పవని రాసుకున్నవి కూడా ఈ నాలుగే!

ఆ లిస్టు ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే. రెండో మెట్టులో ఉన్న మూటన్ రోత్‌షీల్డ్ దశాబ్దాలు పోరాడి 1973లో మొదటి మెట్టెక్కింది. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన వ్యవసాయ మంత్రి తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన జాక్ షిరాక్. ఎర్రవైన్లలో ఈ జాబితాలో ఉన్న షాటోలు మొత్తం 61. ఆనాడు ధరని బట్టి ర్యాంకు వచ్చింది. ఆ తర్వాత ర్యాంకుని బట్టే ధర వస్తోంది!

కుడి గట్టు ఈ లిస్టులో లేనే లేదు. సెయింట్ ఎమిలియన్ 1955లో సొంత లిస్టు పెట్టుకుంది. పదేళ్లకోసారి మారుస్తామన్నారు. మార్చినప్పుడు గొడవలూ, కోర్టు కేసులూ వచ్చాయి. చివరికి అగ్రస్థానంలో ఉన్న షాటో ఒజోన్, షెవాల్ బ్లాంక్, ఆ తర్వాత ఆంజెలుస్ ‘మాకీ లిస్టే వద్దు’ అని బయటికొచ్చేశాయి. పక్కనున్న పొమెరోల్‌కి అసలు ర్యాంకులే లేవు. అయినా అక్కడి పెట్రూస్ ప్రపంచంలోనే ఖరీదైన వైన్లలో ఒకటి. పెట్రూస్ సీసాలు పన్నెండింటిని 2019లో అంతరిక్ష కేంద్రానికి పంపి, ఏడాదికి పైగా అక్కడ ఉంచి తీసుకొచ్చారు. అందులో ఒకదాన్ని క్రిస్టీస్ సంస్థ దాదాపు పది లక్షల డాలర్లకి అమ్మకానికి పెట్టింది!

సీసాలో పోయకముందే బేరం

బోర్డోలో పెద్ద షాటోలు నేరుగా మనకి అమ్మవు. మధ్యలో దళారి, ఆ తర్వాత నెగోసియాన్ అనే టోకు వ్యాపారి, అతని దగ్గర్నుంచి దేశదేశాల దిగుమతిదారులు. పంట కోసిన తర్వాతి వసంతంలో, వైన్ ఇంకా పీపాలో ఉండగానే ప్రపంచం నలుమూలల నుంచి రుచి చూసేవాళ్లు దిగుతారు. వాళ్ల మార్కుల్ని బట్టి ధర పలుకుతుంది. డబ్బులు ఇప్పుడే, సీసాలు సుమారు రెండేళ్లకి. ‘ఆన్ ప్రిమర్’ అనే ఈ పద్ధతిలో కొన్నవాళ్ల లెక్క ఒకటే. ఇప్పుడు చవగ్గా కొంటే రేపు పెరుగుతుంది.

చాలాకాలం అలాగే పెరిగింది. 1982 పంటని అద్భుతం అన్న అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆ తర్వాత వందకిన్ని మార్కులతో ధరల్నే శాసించాడు. 2010 ప్రాంతంలో చైనా డబ్బు వరదలా వచ్చింది. చైనీయులకు ఎనిమిది అదృష్ట సంఖ్య. లఫీట్ తన 2008 వైన్ సీసా మీద చైనా అక్షరంలో ఎనిమిది చెక్కించగానే రేటు ఎగిరిపడింది. ఆ తర్వాత ఆ గాలి తీసేసింది. 2012లో లతూర్ ఈ ముందస్తు అమ్మకాల నుంచి తప్పుకుంది, తయారై తాగడానికి సిద్ధమైనప్పుడే అమ్ముతానంది. 2023 పంటని అమ్మేటప్పుడైతే పేరున్న షాటోలు కూడా ధర బాగా తగ్గించాల్సి వచ్చింది.

అదే పేరు... ఇంకో లెక్క

ఇదంతా పైమెట్టు సంగతి. లేబుల్ మీద ఏ ఊరి పేరూ, ఏ ర్యాంకూ లేకుండా ఉత్త ‘బోర్డో’ అని మాత్రమే రాసుకునే రైతులు కొన్ని వేలమంది. వాళ్లలో చాలామంది సీసాల్లో కాదు, ట్యాంకర్లలో టోకున అమ్ముతారు. అక్కడి కొలత ‘టొన్నో’. అంటే 900 లీటర్లు, నాలుగు పీపాలు, 1200 సీసాలు. ఈమధ్య ఏళ్లలో సాధారణ బోర్డో రెడ్‌కి టొన్నోకి వెయ్యి యూరోలు కూడా రాని రోజులున్నాయి. వెయ్యే అనుకున్నా సీసాకి రైతుకు దక్కేది 83 సెంట్లు. మన లెక్కలో 75 రూపాయలకు పైనే. అందులోనే ఏడాది పొడవునా కత్తిరింపులు, మందులు, కోతలు, కూలీలు, బ్యాంకు వాయిదాలు!

నేల ధర చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లఫీట్, లతూర్ ఉన్న పొయాక్‌లో హెక్టారు తోట ధర లక్షల యూరోల్లో ఉంటుంది. అక్కడి నుంచి కారులో రెండు గంటలు కూడా పట్టని దూరంలో, ఉత్త బోర్డో తోట హెక్టారు పదివేల యూరోలు కూడా పలకట్లేదు.

అసలు కారణం, తాగేవాళ్లు తగ్గారు. 1960ల్లో ఫ్రెంచివాళ్లు తలా ఏడాదికి వంద లీటర్లకు పైగా వైన్ తాగేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. రోజూ భోజనంతో రెడ్ వైన్ అన్నది తాతల అలవాటైపోయింది. కుర్రకారు బీరు, కాక్‌టైల్, చల్లటి తెల్లవైన్ వైపు వెళ్లింది, కొందరు మొత్తానికే మానేశారు. ఆరోగ్యం కోణంలో చూస్తే అది మంచి వార్తే. కానీ బోర్డో పంటలో దాదాపు 85 శాతం ఎర్రవైనే. చైనా గిరాకీ పడిపోవడం, అమెరికా సుంకాలు... అన్నీ ఒకేసారి మీదపడ్డాయి.

2022 డిసెంబరులో రైతులు బోర్డో వీధుల్లోకి వచ్చారు. ధర పెంచమని కాదు, ‘తీగలు పీకేస్తాం, పరిహారమివ్వండి’ అని! 2023లో ప్రభుత్వం, అక్కడి వైన్ మండలి కలిసి 5.7 కోట్ల యూరోలతో పథకం తెచ్చాయి. హెక్టారుకి 6,000 యూరోలు, అంటే ఎకరానికి మన డబ్బుల్లో రెండు లక్షల రూపాయలకు పైనే. లక్ష్యం 9,500 హెక్టార్లు... 23 వేల ఎకరాలకు పైనే. వదిలేసిన తోటలు తెగుళ్లకు పుట్టిళ్లవుతాయి, పక్క తోటల్నీ తినేస్తాయి. అందుకే ‘వదిలేయకండి, పీకేయండి’ అన్నారు. అదే ఏడాది ఫ్రాన్స్ ప్రభుత్వం దేశవ్యాప్తంగా మిగిలిపోయిన వైన్‌ని ఆల్కహాల్‌గా మార్చేందుకు 20 కోట్ల యూరోలు కేటాయించింది. చేతులు కడుక్కునే శానిటైజర్లకీ, సెంట్లకీ వెళ్లింది ఆ వైన్.

కొందరు పీకడానికి బదులు పోట్లాటకి దిగారు. సాగు ఖర్చు కూడా రాని ధరకి తన వైన్ కొన్నారంటూ ఓ మెడాక్ రైతు రెండు టోకు వ్యాపార సంస్థల మీద కేసు వేశాడు. 2024లో బోర్డో వాణిజ్య కోర్టు రైతువైపు నిలిచి, దాదాపు మూడున్నర లక్షల యూరోలు చెల్లించమని ఆ సంస్థల్ని ఆదేశించింది.

ఎండ మారింది

మార్కెట్ ఒక్కటే కాదు, వాతావరణమూ మాట వినట్లేదు. 1980ల్లో బోర్డో వైన్‌లో 12, 12.5 శాతం ఆల్కహాల్ ఉండేది. పండు సరిగ్గా పండక పంచదార కలిపిన ఏళ్లున్నాయి. ఇప్పుడు ఎండలకి తీపి ఎక్కువై 14 శాతం మామూలైపోయింది. 2017, 2021 ఏప్రిల్‌లలో మంచు చిగుళ్లని మాడ్చేసింది. 2022లో చుట్టుపక్కల పైన్ అడవులు తగలబడ్డాయి. 2023లో తేమా వేడీ కలిసి, మళ్లీ ఆ పాత శత్రువు బూజు తెగులు మెర్లో తోటల మీద విరుచుకుపడింది. సేంద్రియ రైతులకి ఇప్పటికీ రాగి మందులే దిక్కు. కానీ నేలలో రాగి పేరుకుపోతుందని యూరప్ పరిమితి పెట్టింది. ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోల రాగి మించకూడదు.

అందుకే 2021లో బోర్డో ఎన్నడూ లేని పని చేసింది. బయటి రకాలకి తలుపు తీసింది. పోర్చుగల్ ఎండలకి అలవాటుపడ్డ టురిగా నాసియోనాల్, తెగుళ్లని బాగా తట్టుకునే మార్సెలాన్‌తో సహా ఆరు కొత్త రకాలకి అనుమతి దొరికింది. తోటలో 5 శాతం, వైన్‌లో 10 శాతం మించకూడదన్న షరతుతో!

మరి ఇప్పుడేంటి?

మిగిలిన రైతులు రకరకాల దారులు వెతుకుతున్నారు. ఎర్రద్రాక్ష పండించేవాళ్లు కొందరు దాంతోనే నురగవైన్ చేస్తున్నారు. ఇంకొందరు చల్లగా తాగే తేలిక రెడ్‌లు, తెల్లవైన్ల వైపు మళ్లుతున్నారు. తీగలు పీకిన చోట ఆలివ్ మొక్కలు నాటినవాళ్లున్నారు. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన సెయింట్ ఎమిలియన్ రాతివీధుల్లో, 2016లో బోర్డో నగరంలో తెరిచిన ‘సితే ద్యు వాన్’ అనే వైన్ మ్యూజియంలో పర్యటకులు తిరుగుతూనే ఉన్నారు. పైమెట్టు షాటోలకి గట్టి పునాదే ఉంది, అవి ఈ దెబ్బ కాచుకుంటాయి.

కష్టమంతా మెట్లకి అవతల ఉన్నవాళ్లకే. బోర్డో పేరుని పొయాక్ గులకరాళ్లు ఎంత నిలబెట్టాయో, పేరులేని వేల కుటుంబాల పీపాలూ అంతే నిలబెట్టాయి. బల్ల మీద రోజూ కనిపించిన చవక సీసా వాళ్లదే. గిరాకీ పెరిగినప్పుడు లాభం లిస్టులో ఉన్నవాళ్లకి వెళ్లింది. గిరాకీ తగ్గినప్పుడు తీగ పీకాల్సింది లిస్టులో లేనివాళ్లు. టమాటా ధర పడిపోయి రోడ్డు మీద పారబోసిన రైతుని చూసిన మనకి ఈ లెక్క వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

ద్రాక్షతీగ నాటితే వైన్‌కి పనికొచ్చే పంట రావడానికి మూడేళ్లు. మంచి వైన్ ఇవ్వాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు. యంత్రం పెట్టి పీకడానికి ఒక్క పూట చాలు. తాత నాటిన తీగని మనవడు ఆ పూట నిలబడి చూస్తున్నాడు... చేతిలో హెక్టారుకి ఆరువేల యూరోల కాగితంతో!